రాజులు ఒరిగిన చోట

హైదరాబాదులో సంతోష్‌నగర్ దాటి పిసల్‌బండ వైపు వెళ్తే పైగా ప్రభువుల సమాధులు కనిపిస్తాయి. 1786లో కన్నుమూసిన తేగ్‌జంగ్ బహదూర్ మొదలుకొని తరతరాల పైగా నవాబులు, వారి బేగములు, బిడ్డలు ఒకే ఆవరణలో నిద్రపోతున్నారు. సున్నపుగచ్చులో పూసిన పూలతీగలు, పాలరాతిని దారంలా అల్లిన జాలీలు చూసిన ఎవరికైనా ఒక వంశం తన మృతులను ఎంత అపురూపంగా దాచుకోగలదో తెలుస్తుంది. మనవైపు, అంటే శ్రీకాకుళం, విజయనగరం సీమల్లో, ఇంతకు ఏమాత్రం తీసిపోని సంస్థానాలు ఏలాయి. మరి ఆ రాజులు ఎక్కడున్నారు? ఈ ప్రశ్న వేసుకుని బయల్దేరితే జవాబు ఒకచోట దొరకదు. ఒక రాతిస్తంభం దగ్గర కొంత, ఒక కొండ కింద కొంత, ఒక అమ్మవారి గుడిలో కొంత దొరుకుతుంది.

వంశానికంతటికీ ఒక సమాధి మందిరం లేకపోవడానికి కారణం తెలిసిందే. పూసపాటివారైనా, బొబ్బిలి రావువారైనా దహనం చేసేవారు. అస్థికలు గంగలోనో గోదావరిలోనో కలిసేవి. పోయినవారి పేరు సత్రంగానో, చెరువుగానో, బడిగానో మిగిలేది. అలాగని ఈ నేలకు సమాధులు కొత్త కావు. కళింగపట్నానికి దగ్గర్లో, వంశధార ఒడ్డున, శాలిహుండం కొండమీద బౌద్ధ స్తూపాలున్నాయి. 1919లో వాటి ఉనికిని లోకానికి చెప్పినవారు గిడుగు రామమూర్తి పంతులుగారు. విజయనగరం దగ్గర రామతీర్థం కొండలమీదా బౌద్ధుల ఆనవాళ్ళే. భీమునిపట్నంలో డచ్చివారి సమాధులు సముద్రపు గాలికి ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. భిక్షువులకూ, పరదేశి వర్తకులకూ గుర్తులున్నాయి కదా, ఈ నేలను ఏలినవారి సంగతేమిటన్నదే ఈ వ్యాసానికి మూలం.

కథ మొదలవడానికి 1652కి వెళ్ళాలి. గోల్కొండ సుల్తాను తరఫున చికాకోలుకు, అంటే నేటి శ్రీకాకుళానికి, ఫౌజుదారుగా వచ్చిన షేర్ మహమ్మద్ ఖాన్ వెంట రెండు కుటుంబాలు ఈ సీమకు చేరాయి. కృష్ణాతీరంలోని పూసపాడు నుంచి వచ్చిన పూసపాటి మాధవవర్మది ఒకటి. వెంకటగిరి వెలమ ప్రభువుల శాఖకు చెందిన పెద్దరాయుడిది రెండోది. పూసపాటివారు మొదట కుమిలిలో స్థిరపడ్డారు. పెద్దరాయుడు తనకు దక్కిన చోట కోట కట్టి, ఫౌజుదారు పేరులోని ‘షేర్’కు గుర్తుగా దానికి పెబ్బులి అని పేరు పెట్టాడని, అదే బొబ్బిలి అయిందని చెబుతారు. ఒకే సైన్యంతో వచ్చి, ఒకే దొర దగ్గర కొలువు చేసి, ఇరుగుపొరుగున భూములు పొందిన ఈ రెండు ఇళ్ళే వందేళ్ళు తిరిగేసరికి ఒకరి నెత్తురు ఒకరు కళ్ళజూశాయి.

విజయనగరం కోటకు 1713లో పునాది పడింది. విజయ నామ సంవత్సరం, విజయదశమి, జయవారమైన మంగళవారం, కట్టించినవాడు విజయరామరాజు, ఊరు విజయనగరం. ఇలా అయిదు విజయాలు కలిసొచ్చాయని ఊళ్ళో ఇప్పటికీ మురిపెంగా చెప్పుకుంటారు. ఆ పెదవిజయరామరాజు సాహసి, కార్యశూరుడు. 1753లో ఉత్తర సర్కారులు ఫ్రెంచివారి చేతికి వచ్చినప్పుడు గాలి ఎటు వీస్తోందో పసిగట్టి ఫ్రెంచి సేనాని బుస్సీ పక్షాన నిలిచాడు. పొరుగునున్న బొబ్బిలితో నీళ్ళ తగాదాలు, సరిహద్దు తగాదాలు ఏనాటి నుంచో రగులుతున్నాయి. బుస్సీ సైన్యం ఉత్తరానికి కదిలినప్పుడు ఆ పాత కక్షకు ఫిరంగులు తోడయ్యాయి.

1757 జనవరి 24. ప్లాసీ యుద్ధానికి ఇంకా అయిదు నెలలుంది. బొబ్బిలి మట్టికోట చుట్టూ ఫ్రెంచి తుపాకులు, విజయనగరం బలగాలు మోహరించాయి. తెల్లవారుతూనే ఫిరంగులు బురుజులమీద పడ్డాయి. గోడకు గండి పడినా మొదటి దాడి లోపలికి సాగలేదు, రెండో దాడీ అంతే. పగలంతా కోట నిలిచింది. లోపలివారిలో నిలబడి పోరాడగలవారు తగ్గిపోయారని తేలాక రాజు రంగారావు తీసుకున్న నిర్ణయం తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. అంతఃపురపు స్త్రీలు, పిల్లలు శత్రువు చేతికి చిక్కకూడదని వారిని తమ చేతులతోనే చంపి, ఇళ్ళకు నిప్పుపెట్టి, మగవారు చావడానికే బయటికి వచ్చారు. ఆంగ్ల చరిత్రకారుడు రాబర్ట్ ఓర్మ్ ఈ ఘట్టాన్ని తన గ్రంథంలో వివరంగా రాశాడు. కోటలోకి అడుగుపెట్టిన ఫ్రెంచి సైనికులే ఆ దృశ్యం చూసి నిశ్చేష్టులయ్యారట. ఒక ముసలివాడు రంగారావు పసికొడుకును ఎత్తుకుని వచ్చి వారికి అప్పగించాడు. అంత మారణహోమంలో బొబ్బిలి వంశానికి మిగిలిన దీపం ఆ పసివాడే.

దీన్ని వీరగాథగా పాడుకుంటూ వచ్చాం. పాడుకోవాల్సిందే. కానీ ఆ రోజు చనిపోయిన స్త్రీలను ఎవరూ అడగలేదన్న మాటను కూడా ఆ పాట పక్కనే పెట్టుకోవాలి. రంగారావు రాణి మల్లమ్మదేవి పేరు కథల్లో నిలిచింది. మిగతా ఆడవాళ్ళకూ పిల్లలకూ పేర్లు లేవు. బొబ్బిలి యుద్ధభూమికి వెళ్ళినవారు వారిని తలచుకోకుండా తిరిగి రాకూడదని నా అభిప్రాయం.

యుద్ధం జరిగిన మూడో రాత్రి కథ మళ్ళీ మలుపు తిరిగింది. విజయరామరాజు డేరాలోకి పాక్కుంటూ చొరబడినవారు ఆయనను పొడిచి చంపారు. ఒంటిమీద ముప్పై రెండు కత్తిపోట్లున్నాయని ఓర్మ్ రాశాడు. ఆ పని చేసినవాడు బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడని తెలుగునాట పసిపిల్లలకు కూడా తెలుసు. రాజాం ఠాణా కాస్తున్న పాపారాయుడు యుద్ధం నాడు కోటలో లేడు, కబురు తెలిసి వచ్చేసరికి అంతా బూడిదైంది. అలా నాలుగు రోజుల్లో ఒకే పొలిమేరలో ఇద్దరు రాజులు ఒరిగిపోయారు. గెలిచినవాడూ మిగల్లేదు, ఓడినవాడూ మిగల్లేదు.

ఆ తర్వాత నూటముప్పై ఏళ్ళకు పైగా అక్కడ గుర్తుగా ఏ కట్టడమూ లేదు. గుర్తంతా జనం నోట్లోనే ఉంది. జంగాలు తంబుర మీటుతూ ఊరూరా బొబ్బిలి కథ చెప్పారు. దిట్టకవి నారాయణకవి రంగరాయ చరిత్రము అనే కావ్యం రాశారు. 1891లో బొబ్బిలి రాజా వేంకట శ్వేతాచలపతి రంగారావు పాత కోట ఉన్న చోట స్తంభం నిలబెట్టారు. ఆయన పుట్టుక వెంకటగిరిలో, దత్తతగా బొబ్బిలికి వచ్చారు. పెద్దరాయుడి పూర్వులు బయల్దేరిన ఇంటి నుంచే మళ్ళీ ఒక బిడ్డ వచ్చి, దత్తత వచ్చిన ఇంటి పూర్వులకు గుర్తు కట్టాడు. బొబ్బిలి జమీందారీ చరిత్రను పుస్తకంగా రాసింది కూడా ఆయనే. రాయి ఒకటి, పుస్తకం ఒకటి అమరడంతో బొబ్బిలి జ్ఞాపకం చెక్కుచెదరకుండా నిలిచింది. వేదం వేంకటరాయశాస్త్రిగారు దాన్ని నాటకం చేశారు. 1964లో ఎన్.టి. రామారావు రంగారావుగా, ఎస్.వి. రంగారావు పాపారాయుడుగా ‘బొబ్బిలి యుద్ధం’ సినిమా వచ్చింది. 1986లో కృష్ణంరాజు ‘తాండ్ర పాపారాయుడు’ అయ్యారు. ఈ రోజు బొబ్బిలిలో బస్సు దిగి యుద్ధస్తంభం ఎటని అడిగితే దారి చూపనివారుండరు.

విజయనగరం రాజు కూడా అక్కడే పోయాడు కదా, ఆయన గుర్తు ఎక్కడుంది? ఇక్కడే ఉత్తరాంధ్ర ప్రజలు చేసిన అద్భుతమైన పని కనిపిస్తుంది. విజయరామరాజుకు పైడిమాంబ అనే చెల్లెలుండేదని, అమ్మవారి భక్తురాలని చెబుతారు. అన్నకు కీడు మూడిందని ఆమె మనసుకు తట్టింది. పతివాడ అప్పలనాయుడు అనే అతను వెంట రాగా బండి కట్టించుకుని బయల్దేరింది. దారిలోనే అన్న చావు కబురు విని స్పృహ తప్పింది. తాను అమ్మవారిలో ఐక్యమవుతున్నానని, పెద్దచెరువులో తన విగ్రహం దొరుకుతుందని, దాన్ని నిలిపి కొలవమని చెప్పి కన్నుమూసింది. బెస్తవారు వల వేసి చెరువులో నుంచి విగ్రహం తీశారు. ఆమే పైడితల్లి.

ఇది జనశ్రుతి. శాసనాలకు కట్టుబడే చరిత్రకారుడు దీన్ని తన పుస్తకంలో ఏ గదిలో పెట్టాలా అని ఆలోచిస్తాడు. నాకైతే సందేహం లేదు. ఒక రాజవంశపు శోకాన్ని ఊరు తన శోకంగా తీసుకుంది. అన్న కోసం గుండె పగిలిన ఆడబిడ్డను ఇలవేల్పును చేసుకుంది. దసరా వెళ్ళిన తర్వాతి మంగళవారం విజయనగరంలో సిరిమానోత్సవం జరుగుతుంది. ముందురోజు రాత్రి తొలేళ్ళు. మర్నాడు అమ్మవారు కలలో చూపిందని చెప్పే చింతమానును సిరిమానుగా చెక్కి, దాని కొసన పీట కట్టి, అమ్మవారి పూజారిని కూర్చోబెడతారు. పాలధార, అంజలి రథం, తెల్ల ఏనుగు, బెస్తవారి వల ముందు నడుస్తాయి. మూడు లాంతర్ల దగ్గరి చదురుగుడి నుంచి కోట దాకా సిరిమాను మూడుసార్లు తిరుగుతుంది. కోట బురుజు మీద నుంచి పూసపాటివారు చూస్తారు, అమ్మ తన పుట్టింటివారిని దీవిస్తుందని జనం అంటారు. శ్రీకాకుళం నుంచి, ఒడిశా నుంచి బళ్ళమీద, రైళ్ళమీద వచ్చే జనం ఆ పూట మేడలమీద, గోడలమీద, చెట్లమీద నిండిపోతారు. పాలరాతి సమాధి మందిరాలు ఎన్ని ఉన్నా, ఏటా ఇంతమంది వచ్చి తమ ఆడపడుచును చూసుకున్నట్టు చూసుకునే చోటు ఇంకొకటి తెలుగునేలమీద నాకు కనిపించలేదు. సిరిమాను ముందు నడిచే ఆ వల ఉత్త అలంకారం కాదు. చెరువులో నుంచి అమ్మను తీసినవారి హక్కు అది. రాజుల జ్ఞాపకంలో బెస్తవారి వాటా అంత స్పష్టంగా కనిపించే ఊరేగింపు అరుదు.

ఇక మూడో చోటు. నా మనసంతా ఉన్నది ఇక్కడే.

బొబ్బిలి తర్వాత విజయనగరం గద్దెనెక్కిన ఆనందరాజు ఫ్రెంచివారిని వదిలి ఇంగ్లీషువారిని పిలిచాడు. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర కర్నల్ ఫోర్డ్ ఫ్రెంచివారిని ఓడించాడు. 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట పడింది. ఆ దండయాత్ర ముగిశాక కొద్దికాలానికే ఆనందరాజు మశూచితో పోయాడు. పన్నెండేళ్ళ పిల్లవాణ్ణి దత్తు తీసుకున్నారు. అతడే చినవిజయరామరాజు. అధికారమంతా సవతి అన్న సీతారామరాజు చేతిలో ఉండేది. దివానుగా ఆయన కొండ జమీందారులను అణచి, సంస్థానాన్ని ఉత్తర సర్కారుల్లోకెల్లా బలమైనదిగా చేశాడు. ఆ బలమే ఈస్టిండియా కంపెనీ కంట్లో నలుసైంది. ఇంగ్లీషువారిని ఈ సీమకు పిలిచిన ఇల్లే ముప్పై ఆరేళ్ళు తిరక్కుండా వారి ఫిరంగి ముందు నిలబడాల్సి వచ్చింది.

పేష్కషు, అంటే కప్పం, బకాయిలు ఎనిమిదిన్నర లక్షలని కంపెనీ లెక్క తేల్చింది. 1793లో సంస్థానాన్ని స్వాధీనం చేసుకుంది. నెలకు పన్నెండు వందల రూపాయల భత్యం తీసుకుని మచిలీపట్నం వెళ్ళి ఉండమని రాజును ఆదేశించింది. ఆయన బయల్దేరినట్టే బయల్దేరి, విజయనగరానికీ భీమునిపట్నానికీ నడుమ గోస్తనీ తీరంలోని పద్మనాభం దగ్గర ఆగిపోయాడు. పైన కొండమీద అనంత పద్మనాభస్వామి, కింద కుంతిమాధవస్వామి. అక్కడ డేరాలు వేశాడు. రాజు ఆగాడని తెలిసి నాలుగు వేల మంది దాకా చుట్టూ చేరారు. కంపెనీ తాఖీదు మీద తాఖీదు పంపింది. ఆయన కదల్లేదు.

1794 జూలై 10, తెల్లవారుజాము. కర్నల్ ప్రెండర్‌గాస్ట్ సిపాయిలు దాడి చేశారు. ముప్పావు గంటలో అంతా అయిపోయింది. రాజు, ఆయన చుట్టూ నిలిచిన సర్దారులు చాలామంది అక్కడే పడిపోయారు.

ముప్పావు గంట. బొబ్బిలి ఒక పగలంతా పోరాడింది కాబట్టి పాటకు కావలసినంత కథ దొరికింది. పద్మనాభంలో పాట కట్టేంత వ్యవధి కూడా లేదు. కానీ దక్షిణాదిన కంపెనీ ఆజ్ఞను తిరస్కరించి యుద్ధభూమిలో ప్రాణమిచ్చిన తొలితరం ప్రభువుల్లో ఈయన ఒకడు. వీరపాండ్య కట్టబొమ్మన్‌ను ఉరితీసింది 1799లో, అంటే దీనికి అయిదేళ్ళ తర్వాత. కట్టబొమ్మన్ పేరు దేశమంతటికీ తెలుసు. చినవిజయరామరాజు పేరు మన జిల్లాల్లో చదువుకున్న పిల్లల్లో ఎంతమందికి తెలుసో మన బడుల్లో అడిగి చూడవచ్చు. ఆయనలో లోపాలు లేవని నేననను. అన్నమీద అనుమానాలు, చుట్టూ చేరినవారి మాటలకు ఊగిసలాట, పాలనలో బలహీనత అన్నీ ఉన్నాయి. అయినా పెన్షను పుచ్చుకుని పరాయి ఊళ్ళో ముసలివాడై పోవడం కన్నా సొంత నేలమీద చావడం మేలని ఎంచుకున్న ఆ ఒక్క నిర్ణయం ముందు అవన్నీ చిన్నవే.

ఈ యుద్ధం బొబ్బిలి కథనూ ముగించింది. పసివాడుగా బయటపడిన చిన్నరంగారావును పెద్దయ్యాక విజయనగరంవారు కోటలో బంధించారు. తర్వాత తప్పించుకుని నిజాం రాజ్యానికి వెళ్ళాడు. పద్మనాభంలో విజయనగరం కూలగానే కంపెనీ అతన్ని రప్పించి బొబ్బిలిని తిరిగి ఇచ్చింది. అంటే 1757 జనవరిలో ఆరిన దీపం 1794లో మరో దీపం ఆరిన చోట మళ్ళీ వెలిగింది. అందుకే ఈ రెండు చోట్లనూ ఒకే ప్రయాణంలో చూడమంటాను. ఒకటి చూసి రెండోది వదిలేస్తే కథ సగమే తెలుస్తుంది.

ఇటు విజయనగరం రాజకుమారుడు నారాయణబాబును తనవారు కొండల్లోకి తీసుకుపోయారు. తర్వాత రాజీ కుదిరి తగ్గిన సంస్థానం దక్కింది. 1802 శాశ్వత శిస్తు నిర్ణయంలో అయిదు లక్షల పేష్కషుకు అది స్థిరపడింది. తర్వాతి కథ కత్తి పక్కనబెట్టిన కథ. నారాయణబాబు అప్పుల్లో మునిగి 1845లో కాశీలో పోయాడు. మూడో విజయరామ గజపతి కాలంలో 1857లో విజయనగరంలో బడి వెలిసి, 1879లో కళాశాల అయింది. తర్వాతి రాజు ఆనందగజపతి కొలువులో గురజాడ అప్పారావు సంస్థాన శాసన పరిశోధకుడయ్యారు, 1897లో ‘కన్యాశుల్కం’ ఆయనకే అంకితమిచ్చారు. ఆ ఏడే గజపతి కన్నుమూశారు. క్రికెట్టు లోకానికి విజ్జీగా తెలిసిన విజయానంద గజపతి 1965లో కాశీలోనే పోయారు. అటు బొబ్బిలి రాజా రామకృష్ణ రంగారావు 1932లో మద్రాసు ప్రెసిడెన్సీకి ముఖ్యమంత్రి అయ్యారు, 1937 ఎన్నికల్లో బొబ్బిలిలోనే వి.వి. గిరి చేతిలో ఓడిపోయారు. ఫిరంగులతో ఒక పగలు పట్టిన చోట ఈసారి ఓటుపెట్టెలు పని చేశాయి. 1948 చట్టంతో జమీందారీలు పోయాయి. విజయనగరం కోటను పూసపాటి వంశంలోని పి.వి.జి. రాజు మాన్సాస్ సంస్థకు ఇచ్చి చదువులకు అప్పగించారు.

ఇంత నడిచి వచ్చాక పద్మనాభం దగ్గరే మళ్ళీ ఆగాలనిపిస్తుంది. బొబ్బిలిని ఆ వంశపు వారసుడు రాతితో నిలబెట్టాడు. పైడితల్లిని ఊరు గుండెల్లో పెట్టుకుంది. చినవిజయరామరాజుకు ఉన్నది పద్మనాభంలో ఒక సమాధి. ఏ తలుపూ, ఏ రుసుమూ అడ్డులేని చోటు. విశాఖపట్నం నుంచి, విజయనగరం నుంచి పొద్దున్న బయల్దేరి మధ్యాహ్నానికి ఇల్లు చేరుకోగల దూరం. జూలై 10న తలచుకునేవారు కొందరున్నారు. వారు చేస్తున్న పని చిన్నదేమీ కాదు. అక్కడ తెలుగులో నాలుగు వాక్యాల శిలాఫలకం ఉండాలి. ఎవరితో, ఎందుకు, ఏ రోజు యుద్ధం జరిగిందో పిల్లలు చదివి తెలుసుకునేలా ఉండాలి. రాజుతోపాటు పడిన సర్దారుల మాట, పేరు దక్కని బంట్ల మాట కూడా అందులో ఉండాలి. ఉత్తరాంధ్ర బడులు ఏడాదికొక్కసారి పిల్లలను బొబ్బిలికీ పద్మనాభానికీ కలిపి తీసుకెళ్ళాలి.

కార్తికం చివర పద్మనాభం కొండకు దీపోత్సవం జరుగుతుంది. కింది నుంచి పైదాకా వెయ్యికి పైగా మెట్లమీద దీపాలు పెడతారు, చుట్టుపక్కల ఊళ్ళన్నీ కదిలొస్తాయి. ఈసారి మీరు వెళ్తే మెట్లెక్కే ముందు కొండ కింద ఆ సమాధి ఎక్కడుందో అడగండి. తీసుకెళ్ళిన ప్రమిదల్లో ఒకటి అక్కడ వెలిగించి రండి.